నాన్న సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేస్తున్నాం – బ్లాస్ట్ ఫర్నేస్ పని గురించి తప్పుల్లేకుండా ఎలా రాయాలి?

గాజువాక పెద్దమ్మాయి

నమస్కారమండీ. మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో చేసి రిటైరయ్యారు. 2025 నవంబరు 3న, కార్తీక శుద్ధ త్రయోదశి నాడు కాలం చేశారు. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకీ, ఆయనతో పనిచేసినవాళ్లకీ ఇవ్వడానికి పదహారు పేజీల పుస్తకం, ఒక వంద కాపీలు వేద్దామనుకుంటున్నాం. రాసేది నేనే. ప్లాంటులో ఆయనేం చేసేవారంటే "ఫర్నేస్ డ్యూటీ" అన్న మాటకు మించి ఇంట్లో ఎవరికీ తెలీదు. చిత్తుగా రాసుకున్న పేరా ఇది:

"1954లో పుట్టిన నాన్న, ప్లాంటు కోసం తాతగారు భూమి త్యాగం చేయగా, నిర్వాసితులకిచ్చే ఆర్-కార్డు మీద 1986లో ఉద్యోగంలో చేరారు. గోదావరి ఫర్నేస్‌లో 28 ఏళ్లు రేయింబవళ్లు ఉక్కు కరిగించారు. హుద్‌హుద్ రాత్రి కూడా డ్యూటీ వదల్లేదు. మంచి ఉద్యోగి, మంచి భర్త, మంచి తండ్రి."

సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ 1954 జూన్ 15. నానమ్మ మాత్రం "నందన శ్రావణంలో పుట్టాడు" అనేదట. ఆయన పెట్టెలో అరచేతిలో పట్టేంత నీలం అద్దం, చెక్క పిడితో, దొరికింది. అదేమిటి? ఇంకోటి: పాత ఫోటోలు కొన్ని ఆల్బమ్ పేజీలకి, ఒకటి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయాయి. ఎలా తీయాలి? ప్రెస్ వాళ్లతో ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కూడా చెప్పండి.

కాస్ట్‌హౌస్ పాతకాపు

అమ్మా, ముందు ఒక్క మాట దిద్దుకో. బ్లాస్ట్ ఫర్నేస్‌లో వచ్చేది ఉక్కు కాదు, ఇనుము. ప్లాంటులో దాన్ని హాట్ మెటల్ అంటారు. అందులో నాలుగు శాతం పైచిలుకు కార్బన్ ఉంటుంది, చల్లారాక సుత్తితో కొడితే పెళుసుగా విరుగుతుంది. లేడిల్ అన్న పెద్ద పాత్రలో పోసి పట్టాల మీద ఉక్కు తయారయ్యే షాపుకి, అంటే ఎస్ఎమ్ఎస్‌కి తోలుకుపోయి, అక్కడ ఎల్‌డీ కన్వర్టర్ అన్న పెద్ద కొలిమిలో ఆక్సిజన్ ఊది ఆ కార్బన్‌ని కాల్చేస్తేనే అది ఉక్కవుతుంది. "ఫర్నేస్‌లో ఉక్కు కరిగించారు" అని అచ్చువేస్తే నాన్నగారితో చేసినవాళ్లు మొదటి పేజీ దగ్గరే నవ్వుకుంటారు.

"కరిగించారు" అన్నదీ అంతంతమాత్రమే. ఖనిజం, సింటర్ (ఖనిజపు పొడిని కాల్చి కట్టించిన ముద్దలు), కోక్ (కాల్చి తయారుచేసిన బొగ్గు) పైనుంచి పడతాయి. కింద చుట్టూతా ఉన్న ట్యూయర్లనే గాలి గొట్టాల్లోంచి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిగాలి కొడుతుంది. కోక్ మండి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాక్కుంటుంది, ఇనుము కరిగి అడుక్కి దిగుతుంది. ఆ పని ఫర్నేస్ చేసుకుంటుంది. మనుషుల పని దానికి మేత వేళకి వెయ్యడం, గాలి సరిగ్గా అందించడం, అడుగున నిండినదాన్ని వేళకి బయటికి తియ్యడం.

అందుకే నాన్నగారు ఏ వింగులో చేశారో తెలుసుకోవాలి. స్టాక్ హౌస్ (మేత సిద్ధంచేసే చోటు), స్టవ్స్ (గాలి వేడిచేసేవి), కాస్ట్ హౌస్ (ఇనుము బయటికి తీసే చోటు), గ్యాస్ క్లీనింగ్, మెకానికల్, ఎలక్ట్రికల్ అన్నీ "బ్లాస్ట్ ఫర్నేస్ డిపార్ట్‌మెంటే". ఒకరి పని ఇంకొకరి పేరున రాస్తే బాగోదు. నువ్వు చెప్పిన నీలం అద్దం మాత్రం ఒక ఆనవాలు. అది కోబాల్ట్ అద్దం. ట్యూయర్ వెనకాల చిన్న కన్నం ఉంటుంది, దానికి ఈ అద్దం అడ్డుపెట్టుకుని లోపలికి చూస్తారు. పసుపు మంట కళ్లు మిరుమిట్లు గొలపకుండా ఆపుతుంది కాబట్టి ఎర్రగా కాలిన కోక్ ముక్కలు గాలికి ఎగురుతూ విడివిడిగా కనపడతాయి. ఆ వెలుగులో నల్లటి ముద్ద జారుతూ కనిపించిందా, కరగని సరుకు దిగుతోందని అర్థం, ఫర్నేస్ చల్లబడుతోంది. నీళ్లతో చల్లబరిచే ట్యూయర్ కారి లోపల నీళ్లు పడుతున్నా అక్కడే తెలుస్తుంది. కాబట్టి ఆయన ట్యూయర్ల దగ్గర తిరిగిన మనిషే, కాస్ట్ హౌస్ కావడానికే ఎక్కువ అవకాశం. (పిల్లలు దాంతో గ్రహణం చూడబోతారు, చూడనివ్వకండి. కంటికి కనపడని వేడి కిరణాల్ని అది ఆపదు.)

కాస్ట్ హౌస్ అయితే పని వరుస ఇలా ఉంటుంది. ఇనుము బయటికొచ్చే కన్నాన్ని ట్యాప్ హోల్ అంటారు, అది గట్టి మట్టితో మూసి ఉంటుంది. డ్రిల్లింగ్ మెషిన్‌తో కాస్త కిందికి వాలుగా తొలుస్తారు. మట్టి మరీ బిగిసిపోయినా, మధ్యలో ఇనుము గడ్డకట్టినా డ్రిల్ ముందుకు పోదు. అప్పుడు ఇనప గొట్టంలో ఆక్సిజన్ వదిలి కాలుస్తూ తెరవాలి. దాన్ని లాన్సింగ్ అంటారు, చెయ్యి నిలకడ కావాలి, వంకరగా కాల్చితే హోల్ పాడవుతుంది. తెరుచుకున్నాక 1,500 డిగ్రీలకు దగ్గర్లో ఇనుము, దానితోపాటు స్లాగ్ (కరిగిన మలినాలు) మెయిన్ రన్నర్ అన్న కాలవలోకి దూకుతాయి. స్లాగ్ తేలిక, పైన తేలుతుంది. స్కిమ్మర్ అన్న అడ్డుగోడ స్లాగ్‌ని పక్క కాలవకి మళ్లిస్తుంది, ఇనుము దాని కిందనుంచి లేడిల్ వైపు పోతుంది. మధ్యలో చెంచాతో శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపుతారు. పారడం అయిపోయి గాలి బుసకొట్టడం మొదలెట్టగానే మడ్ గన్ తిప్పి మట్టి కొట్టి మూస్తారు, మట్టి గట్టిపడేదాకా గన్ను అలాగే నొక్కి ఉంచుతారు. తొందరపడి వెనక్కి లాగితే హోల్ మళ్లీ తెరుచుకుంటుంది.

చేయి తిరిగినవాళ్లు ల్యాబ్ రిపోర్టు రాకముందే చెప్పేస్తారు. పారుతున్న ఇనుము మీద సన్నటి రవ్వలు విపరీతంగా చిటపటలాడితే సిలికాన్ తక్కువ, ఫర్నేస్ చల్లగా ఉంది, సల్ఫర్ పెరుగుతుంది. రవ్వలు తక్కువగా, నెమ్మదిగా పారితే సిలికాన్ ఎక్కువ. నాన్నగారికి ఈ చూపు ఉందని ఎవరైనా చెబితే తప్పకుండా రాయి. "కష్టజీవి" అన్న మాటకంటే పదిరెట్లు విలువ.

ప్రమాదం గురించి రాస్తే సినిమా మాటలొద్దు. అసలు భయం తడి. రన్నర్లో కొత్తగా వేసిన లోపలి పూత సరిగ్గా ఆరకపోయినా, గరిట తడిగా ఉన్నా, ఇనుము తగలగానే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని ఎగజిమ్ముతాయి. స్కిమ్మర్ అరిగి ఇనుము స్లాగ్ కాలవలోకి పోతే ఇంకా ప్రమాదం, ఆ చివర స్లాగ్ మీద కొట్టే నీళ్లలో పేలుతుంది. రెండోది గ్యాస్. ఫర్నేస్ గ్యాస్‌లో అయిదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడ్, రంగూ వాసనా ఉండవు. తలనొప్పిగా ఉందని పక్కన కూర్చున్నవాణ్ణి అక్కడినుంచి లాక్కుపోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

ఇలా రాస్తే చాలు: "నాన్నది కాస్ట్ హౌస్. మూసిన ట్యాప్ హోల్ తొలిచి ఇనుము వదలడం, పారినంతసేపూ కాలవలు కాయడం, ఆఖరున మట్టి కొట్టి మూయడం ఆయన పని."

తేదీల పిచ్చోడు

పైవారు పని సంగతి చెప్పారు, నేను కాలం లెక్క చూస్తాను. మీ పేరాలో సంవత్సరాలు ఒకదానితో ఒకటి కలవట్లేదండీ.

శంకుస్థాపన 1971 జనవరి 20న ఇందిరాగాంధీ చేశారు. ప్లాంటు కంపెనీ ఆర్ఐఎన్ఎల్ ఏర్పడింది 1982లో. మొదటి ఫర్నేస్ గోదావరి వెలిగింది 1990లో, రెండోది కృష్ణ 1992లో. ప్లాంటుని పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. మూడోది, అన్నపూర్ణ, 2012లో వచ్చింది. నాన్నగారు 1986లో చేరితే మొదటి నాలుగేళ్లు ఇనుము అన్నదే లేదు. ఆ నాలుగేళ్లూ ఏం చేశారు? ట్రైనింగా, వేరే ఊరి ప్లాంటులోనా, ప్లాంటు కట్టే ఎరెక్షన్ పనిలోనా? చాలా పుస్తకాల్లో ఈ ముక్క ఎగిరిపోతుంది, నా లెక్కన అదే అన్నిటికంటే ఆసక్తి. 28 ఏళ్లు మొత్తం సర్వీసు. గోదావరి మీద ఎంత లేదన్నా 24కి మించవు. కృష్ణ వెలిగినప్పుడు అటు మార్చారేమో కూడా అడగాలి.

రిటైర్మెంటు 60కి కాబట్టి 1954 జూన్ 15 ప్రకారం 2014 జూన్ 30న దిగిపోయి ఉండాలి. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. అప్పటికి ఆయన ఇంట్లో ఉన్నారు! ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పారని కాదు. ఏదో తుపాను రాత్రి డ్యూటీలో ఉండిపోయిన మాట నిజమే అయి ఉంటుంది, పేరు మాత్రం అందరికీ గుర్తున్న పెద్ద తుపానుది అతికింది. అమ్మగారిని "ఏ తుపాను?" అని అడక్కండి. "అప్పుడు చిన్నాడు ఏ క్లాసు? మనం ఏ ఇంట్లో ఉన్నాం?" అని అడగండి, ఏడాది దానంతటదే తేలుతుంది.

పుట్టినతేదీకి నానమ్మగారి మాటే నమ్మకం. 2012 ఉగాదికి వచ్చింది నందన, అరవై వెనక్కి వెళ్తే 1952. ఆ ఏడు శ్రావణం జూలై 23 ప్రాంతంనుంచి ఆగస్టు 20 దాకా. అంటే సర్టిఫికెట్ ఆయన్ని దాదాపు రెండేళ్లు చిన్నవాణ్ణి చేసింది. బళ్లో వేసేటప్పుడు మాస్టారు ఏదో జూన్ తేదీ రాసుకోవడం ఆ రోజుల్లో మామూలే. పుస్తకంలో "1952 శ్రావణం (సర్వీసు రికార్డులో 15-6-1954)" అని రెండూ వేయండి. వయసు 73 అనండి. లేదంటే వచ్చిన పెద్దవాళ్లలో ఒకరు తప్పకుండా లేచి "నాకంటే పెద్దోడు కదమ్మా" అంటారు.

కాయితాల్లో ముందు వెతకాల్సినవి: అపాయింట్‌మెంట్ ఆర్డరు, ప్రమోషన్ ఆర్డర్లు, సర్వీసు సర్టిఫికెట్, ఏ రెండేళ్లకొకటైనా పే స్లిప్పు. డిజిగ్నేషన్, డిపార్ట్‌మెంటు పేరు వాటిమీదే ఉంటాయి. పెన్షన్ పీపీఓ నంబరు, ఆధార్, ఎంప్లాయీ నంబరు మాత్రం ఫోటో తీసి పుస్తకంలో వేసేయకండి. అమ్మగారికి కుటుంబ పెన్షన్ వస్తుంటే ఆ నంబర్లు వందమంది చేతుల్లోకి వెళ్లకూడదు.

భూమి సంగతి. "త్యాగం" అన్న మాట తీసేసి, ఊరి పేరు, ఎన్ని ఎకరాలు, ఏ ఏడు తీసుకున్నారు, ఎంత పరిహారం వచ్చింది, ఇల్లు ఎక్కడికి మారింది అన్నవి భూసేకరణ అవార్డు (పరిహారం ఉత్తర్వు) కాపీ చూసి రాయండి. ఆర్-కార్డు నంబరు అక్కర్లేదు గానీ, కార్డు తాతగారి పేరునా, నాన్నగారి పేరునా అన్నది రాయాలి. నిర్వాసితుల ఇళ్లల్లో ఒక కార్డుకి ఒక ఉద్యోగం అంటే అన్నదమ్ముల్లో ఎవరికి అన్న ప్రశ్న కూడా. మిగతావాళ్లు ఆ పుస్తకం చదువుతారు, మాట తూచి వేయండి.

ఒక హెచ్చరిక. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి తిథి వెనక్కి జరగదు, ముందుకు పోతుంది. కార్తీక శుద్ధ త్రయోదశి 2026లో నవంబరు 22న పడుతోంది, 3న కాదు. పురోహితుడితో ఖాయం చేసుకున్నాకే అట్టమీద తేదీ వేయించండి.

అచ్చుతప్పు

ఫోటోలు, ప్రెస్ నా వంతు.

అద్దానికి అతుక్కున్న ఫోటోని పీకొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు. మన సముద్రం గాలికి ఫోటో పైపొర మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది, లాగితే మొహం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దం బయటివైపు తుడిచి, అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి స్కాన్ చేయండి. ఆల్బమ్ జిగురు పేజీలకి అంటుకున్నవైతే పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఫోటో కిందకి దూర్చి రంపం లాగినట్టు మెల్లగా అటూఇటూ లాగండి. హెయిర్ డ్రయ్యర్ వాడేవాళ్లున్నారు, నేను వద్దంటాను. కలర్ ఫోటోలు వంగిపోతాయి.

పోస్టుకార్డు సైజు ఫోటో 600 డీపీఐలో స్కాన్ చేస్తే ఏ-5 పేజీ నిండా వేసుకోవచ్చు. పాస్‌పోర్టు ఫోటో 1200లో తీసినా సగం పేజీకే సరిపోతుంది, అట్ట నిండా సాగదీస్తే మొహం మసకబారుతుంది. ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే సైజు చచ్చిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఎనభైల కలర్ ప్రింట్లు ఎర్రబారి ఉంటాయి. మరీ దిద్దబోతే చర్మం ప్లాస్టిక్‌లా వస్తుంది, బ్లాక్ అండ్ వైట్ చేసేయడమే మేలు. ప్లాంటు లోపల ఫోటోలు తియ్యనివ్వరు కాబట్టి పనిలో ఉన్న ఫోటో లేకపోవడం సహజం. నెట్‌లో దొరికిన ఏదో దేశపు ఫర్నేస్ బొమ్మ పెట్టి ఆ లోటు పూడ్చకండి.

మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. 16 బాగుంది, ఇంకో పేజీ మేటర్ పెరిగితే 20కి పోవాలి. వంద కాపీలకి డిజిటల్ ప్రింట్ చాలు, ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు గిట్టదు. లోపల 130 జీఎస్ఎమ్ ఆర్ట్ పేపరు, అట్ట 250 లేదా 300. అక్షరం 13 పాయింట్లకి తగ్గించొద్దు, చదివేవాళ్లలో సగంమంది డెబ్బై దాటినవాళ్లు. లైనుకీ లైనుకీ మధ్య ఒకటిన్నర రెట్లు వదలమనండి, లేకపోతే పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది.

అసలు తలనొప్పి ఫాంటు. మీరు ఫోన్లో కొట్టేది యూనికోడ్. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలామంది 'అను' అన్న పాతరకం (యూనికోడ్ కాని) ఫాంట్లలో చేస్తారు, కన్వర్టర్లో వేసి మారుస్తారు. అక్కడ క్రావడి, క్ష, పొల్లు ఉన్న మాటలు చెడతాయి. "ఫోర్‌మన్" కాస్తా "ఫోర్మన్" అవుతుంది, "ఫర్నేస్‌లో" వెళ్లి "ఫర్నేస్లో" అవుతుంది. ప్రూఫు తెర మీద చూడొద్దు, కాయితం మీద తీయించుకుని ఇద్దరు చదవండి: ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు మీ అసలు ప్రతి పట్టుకోవాలి. ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు విడిగా ఇంకోసారి.

సెక్టార్ 5 పిన్ని

"మంచి భర్త, మంచి తండ్రి" అన్న వాక్యం కొట్టెయ్యమ్మా. అందరి పుస్తకాల్లోనూ ఉంటుంది. షిఫ్టు మనిషి సంసారం అంటే గడియారంతో సంసారం. 'ఏ' షిఫ్టుకి, అంటే పొద్దుటి డ్యూటీకి, తెల్లారి ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలంటే అమ్మ ఎన్నింటికి లేచి క్యారేజీ కట్టేది? రాత్రి డ్యూటీ, సీ షిఫ్టు, దిగి వచ్చాక పగలు పడుకుంటే పిల్లల్ని ఎక్కడ ఆడుకోమనేవారు, కిటికీకి ఏం కట్టేవారు, కుక్కర్ ఎప్పుడు పెట్టేవారు? మధ్యాహ్నం వెళ్లే బీ షిఫ్టు వారం మరీ చెడ్డది. పిల్లలు బడినుంచి వచ్చేసరికి తండ్రి ఉండడు, తండ్రి వచ్చేసరికి పిల్లలు నిద్దరోతారు. ఆ వారం పిల్లల్ని ఎలా చూసుకునేవారో, సంతకం చెయ్యాల్సిన ప్రోగ్రెస్ కార్డు ఎక్కడ పెట్టేవారో రాస్తే ఆయనెలాంటి తండ్రో చదివినవాళ్లకే తెలుస్తుంది.

పండగలకి కూడా అంతే. ఫర్నేస్‌కి దీపావళీ సంక్రాంతీ ఉండవు. ఏ ఏడు ఆఫ్ దొరికింది, ఏ ఏడు దొరకలేదు అన్నది అమ్మకి తేదీలతో సహా గుర్తుంటుంది. కొడుకులకంటే కూతురు అడిగితే ఎక్కువ చెబుతుంది.

గాజువాక పెద్దమ్మాయి

అందరికీ దణ్ణాలండీ. పాతకాపు గారూ, ప్రమోషన్ ఆర్డరు దొరికింది, కాస్ట్ హౌసే. 1986–87లో భిలాయిలో ట్రైనింగు ఉత్తరాలు కూడా ఉన్నాయి. తుపాను సంగతి అమ్మ తేల్చింది: తమ్ముడు ఒకటో క్లాసు, అంటే 1990. హుద్‌హుద్‌కి నాన్న మాతోపాటే తలుపుకి మంచం అడ్డంపెట్టి పట్టుకున్నారట.

పిన్నిగారు చెప్పినట్టు అడిగితే అమ్మ అటక మీదనుంచి పాత క్యాలెండర్లు దింపింది. పడేయలేదు! 1993 ది చూస్తున్నాను. ప్రతి గడిలో నీలం సిరాతో ఏ, బీ, సీ అని ఒక అక్షరం, ఆఫ్ ఉన్న రోజున సున్నా. దాని కిందే "పాలు 2", "పాలు 1½". ఏప్రిల్ 8 గడిలో సీ, దాని పక్కన "పాప లెక్కలు", రెండు గీతలు. ఆ రోజు నాకు పరీక్ష అనుకుంటా. కొన్ని గడుల్లో "కృ" అని ఉంది. కృష్ణ ఫర్నేసేనా? ఒక నెల పేజీ పుస్తకంలో వెయ్యొచ్చా? క్యాలెండరు స్కానర్లో పట్టడం లేదు.

కాస్ట్‌హౌస్ పాతకాపు

కృష్ణే అయ్యుంటుందమ్మా. మనిషి తక్కువైన షిఫ్టుకి ఒక ఫర్నేస్‌నుంచి ఇంకోదానికి పంపడం ఉండేది. "కృ" వరసగా నెలల తరబడి ఉంటే బదిలీ, అక్కడొకటీ ఇక్కడొకటీ ఉంటే సర్దుబాటు. 1993, 94 రెండూ లెక్కపెట్టి చూడు. భిలాయి ఉత్తరాలమీద తేదీలు, పోస్టాఫీసు ముద్రలు సరిపోల్చుకో.

అచ్చుతప్పు

నిక్షేపంలా వెయ్యొచ్చు. 16 పేజీల పుస్తకంలో 8, 9 ఒకే కాయితం, మధ్యలో పిన్ను తప్ప అతుకుండదు. ఏప్రిల్ పేజీని ఆ రెండింటిమీదా అడ్డంగా పరచండి, 8వ తేదీ గడి మాత్రం పిన్ను పడే మడతలోకి రాకుండా చూసుకోండి. స్కానర్లో పట్టకపోతే రెండు సగాలుగా, మధ్యలో రెండంగుళాలు రెండింట్లోనూ వచ్చేట్టు స్కాన్ చేసి ఇవ్వండి, అతికించే పని షాపువాళ్లు చేస్తారు. క్యాలెండరు పైభాగంలో దేవుడి బొమ్మ, కొట్టు పేరు ఉంటే కత్తిరించొద్దు, అవీ ఉండనివ్వండి. సిరా వెలిసిపోయిందని ముదురు చేయమంటారు, ఒప్పుకోకండి. కాయితం పసుపు రంగు అలాగే ఉంచి కాంట్రాస్టు కొద్దిగా పెంచితే "పాలు 1½" కూడా చదవొస్తుంది.